రోమ్ ఎలా పడిపోయింది, చర్చి ఎలా నిలబడింది, మధ్యయుగం ఎక్కడ మొదలైంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టాపిక్ మీద నన్ను అడిగేవాళ్ళు రెండు రకాలు. గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివేవాళ్ళు "సార్, ఏ సంవత్సరం రాయాలి" అంటారు. చర్చికి వెళ్ళేవాళ్ళు వాట్సాప్‌లో వచ్చిందేదో చూపించి "అన్నా, ఇది నిజమేనా" అంటారు. ఇద్దరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. ముందే ఒక మాట, నేను ఈ కథని యుద్ధాల వైపు నుంచి కాకుండా తిండి వైపు నుంచి చూస్తా, అంటే జనానికి రొట్టె ఎవరు పెట్టారు అన్న వైపు నుంచి. అలా చూస్తేనే నాకు ఇదంతా అర్థమైంది.

రోమ్‌లో ఫ్రీగా రేషన్ ఇచ్చేవాళ్ళంటారు, నిజమా?

నిజమే. మొదటి చక్రవర్తి ఆగస్టస్ కాలంలో, అంటే ఏసు పుట్టిన రోజుల్లో, రోమ్ నగరంలో సుమారు 2 లక్షలమంది మగవాళ్ళకి నెలనెలా గోధుమలు ఉచితంగా ఇచ్చేవాళ్ళు, మనిషికి మన లెక్కలో 33 కేజీల దాకా. పేదవాళ్ళందరికీ అనుకోకండి, లిస్టులో పేరున్న పౌరులకే. ఊళ్ళో జనాభా దాదాపు పది లక్షలు, చుట్టుపక్కల పొలాలు అంతమందికి ఎక్కడ సరిపోతాయి, అందుకని ఈజిప్టు నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల మీద గోధుమలు తెచ్చుకునేవాళ్ళు. మూడో శతాబ్దంలో అరేలియన్ అనే చక్రవర్తి గింజలు మానేసి కాల్చిన రొట్టెలే ఇవ్వడం మొదలుపెట్టాడు, పైగా నూనె, పందిమాంసం కూడా. ఓడ లేటైతే రోమ్‌లో అల్లర్లే, చక్రవర్తికి నిద్ర ఉండేది కాదు. ఈ ఓడల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

యూదుల్లో ఒక చిన్న గుంపు అంత పెద్ద సామ్రాజ్యం అంతా ఎలా పాకింది?

ఏసు మాట్లాడింది అరామిక్, తిరిగింది గలిలయ, యూదయ పల్లెల్లో. పొంతి పిలాతు యూదయకి అధికారిగా ఉన్నది క్రీ.శ. 26 నుంచి 36 దాకా, సిలువ ఆ మధ్యలోనే, 30 అనో 33 అనో ఎక్కువమంది అంటారు. అక్కడితో ఆగిపోవాల్సిన కథ ఆగకపోవడానికి పెద్ద కారణం పౌలు. తార్సులో పుట్టిన యూదుడు, గ్రీకు బాగా వచ్చు, రోమన్ పౌరసత్వం ఉంది, అంటే పాస్‌పోర్టు ఉన్న మనిషి అనుకోండి. కొత్త నిబంధనలో అందరికంటే పాత రాతలు సువార్తలు కాదు, పౌలు పత్రికలే, 50ల్లో రాసినవి.

ఆ రోజుల్లో అసలు గొడవ ఏంటంటే, యూదులు కానివాళ్ళు ఏసుని నమ్మితే వాళ్ళు ముందు సున్నతి చేయించుకోవాలా, యూదుల తిండి నియమాలు పాటించాలా అని. సుమారు 49లో యెరూషలేములో పెద్దలు కూర్చుని సున్నతి అక్కర్లేదు, తిండి నియమాల్లో కొన్ని పాటిస్తే చాలు అని తేల్చారు. అంతే, తలుపు తెరుచుకుంది. అంతియొకయలోనే మొదటిసారి వాళ్ళని క్రైస్తవులు అన్నారని అపొస్తలుల కార్యములలోనే ఉంది. రోమన్లు వేసిన రోడ్లు, దొంగలు తగ్గిన సముద్రం, ఎక్కడికెళ్ళినా పనికొచ్చే గ్రీకు భాష, ఇవన్నీ రెడీగా ఉన్నాయి.

ఇంకో సంగతి, పౌలుని ఖైదీగా రోమ్ వైపు తీసుకెళ్ళిన ఓడ ఏంటో గమనించారా? అలెగ్జాండ్రియా ఓడ, లోపల గోధుమలు. తుఫానులో ఓడ తేలిక చెయ్యడానికి ఆ గోధుమలు సముద్రంలో పారబోశారని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఉంది, ఓడలో 276 మంది అని లెక్కతో సహా. రోమ్ రేషన్ ఓడ అన్నమాట.

రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడా?

లేదు, ఫిడేలు అప్పటికి పుట్టనే లేదు. 64 జులైలో అగ్గి పుట్టినప్పుడు అతను ఆంటియం అనే ఊళ్ళో ఉన్నాడు, వచ్చాక తన తోటలు తెరిచి జనానికి చోటిచ్చాడు, గింజల ధర తగ్గించాడు. అతను ఇంట్లో స్టేజీ మీద ట్రాయ్ నగరం తగలబడిన పాట పాడాడని పుకారు మాత్రం అప్పుడే పుట్టింది, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా దాన్ని పుకారుగానే రాశాడు. 14 వార్డుల్లో 4 మాత్రమే పూర్తిగా తప్పించుకున్నాయి. నింద తన మీదకి రాకుండా నీరో క్రైస్తవుల మీదకి తోశాడు, కొందర్ని కుక్కలతో కరిపించి, కొందర్ని రాత్రిపూట దీపాల్లాగా తగలబెట్టి చంపించాడు. పేతురు, పౌలు ఆ కాలంలోనే రోమ్‌లో చనిపోయారని చర్చి సంప్రదాయం. మన పేపర్లవాళ్ళు మాత్రం ఆ ఫిడేలు సామెత వదలరు, వదలమని నేనూ అనను.

మూడొందల ఏళ్ళూ క్రైస్తవుల్ని సింహాలకి వేస్తూనే ఉన్నారా?

సినిమాలు చూసి అలా అనుకుంటాం. ఎక్కువ కాలం అది ఊరూరా, అప్పుడప్పుడూ జరిగిన గొడవ. సుమారు 112లో ప్లీనీ అనే గవర్నరు (ఇప్పటి టర్కీ ఉత్తరాన) ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు, వీళ్ళని ఏం చెయ్యాలో తెలీట్లేదు అని. ట్రాజన్ జవాబు చాలా ఆఫీసు ధోరణిలో ఉంటుంది: వెతికి పట్టుకోవద్దు, ఎవరైనా పట్టిచ్చి రుజువైతే శిక్షించు, దేవుళ్ళకి మొక్కితే వదిలెయ్, ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం పట్టించుకోకు.

మొత్తం సామ్రాజ్యానికి వర్తించేలా మొదటి దెబ్బ 250లో డెసియస్ చక్రవర్తి కొట్టాడు. అందరూ దేవుళ్ళకి బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. నవ్వొస్తుంది గానీ ఆ సర్టిఫికెట్లు ఈజిప్టు ఇసకలో నలభైకి పైగా దొరికాయి, ఫలానావాడు మా కళ్ళముందు బలి ఇచ్చి ప్రసాదం తిన్నాడు అని సాక్షుల సంతకాలతో సహా. కొందరు క్రైస్తవులు డబ్బిచ్చి సర్టిఫికెట్ కొనుక్కున్నారు, తర్వాత వాళ్ళని మళ్ళీ చర్చిలోకి రానివ్వాలా వద్దా అని పెద్ద రచ్చ.

అన్నిటికంటే ఘోరం 303లో డయోక్లీషియన్ చక్రవర్తి మొదలుపెట్టింది, చర్చిలు కూల్చడం, గ్రంథాలు కాల్చడం, తూర్పు వైపు ఏళ్ళ తరబడి సాగింది. ఆ పనికి ముందుండి ఉసిగొల్పిన తోటి పాలకుడు గలేరియస్సే 311లో చావుమంచం మీద దాన్ని ఎత్తేసి, నా కోసం కూడా మీ దేవుణ్ణి ప్రార్థించండి అని క్రైస్తవుల్ని అడిగాడు.

ఇంత రిస్క్ ఉంటే జనం ఎందుకు చేరారు?

సంకేతాలు, అద్భుతాలు అనేవాళ్ళు అనొచ్చు, ఆ నమ్మకాన్ని నేను కాదనను. కానీ నాకు దొరికిన జవాబు ఒక లెక్కల కాగితంలో ఉంది. 251లో రోమ్ బిషప్ కొర్నేలియస్ రాసిన ఉత్తరంలో వాళ్ళ సంఘం లెక్క ఉంది: 46 మంది ప్రెస్బిటర్లు (పాస్టర్ల లాంటి పెద్దలు), 7 మంది డీకన్లు (వాళ్ళ సహాయకులు), ఇంకా చిన్న ఉద్యోగులు, వీళ్ళతోపాటు సంఘం పోషిస్తున్న విధవరాండ్రు, దిక్కులేనివాళ్ళు 1,500 మందికి పైనే. ప్రభుత్వం లిస్టులో పేరు లేని ముసలామెకి ఇంకో లిస్టు దొరికింది, అంతకంటే ఏం కావాలి?

దానికి తోడు అదే రోజుల్లో పెద్ద అంటువ్యాధి, ఏళ్ళ తరబడి. సొంతవాళ్ళే రోగిని వీధిలో పడేసి పారిపోతుంటే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో బిషప్ సిప్రియన్ తన వాళ్ళని సేవకి పంపాడు. పథ్యం పెట్టి నీళ్ళిచ్చేవాళ్ళుంటే బతికేవాళ్ళు కొందరు బతుకుతారు, బతికినవాడు ఎవరివైపు చూస్తాడో చెప్పాలా.

ఇది నేను కల్పించి చెప్తున్నది కాదండి, శత్రువే ఒప్పుకున్నాడు. జూలియన్ చక్రవర్తి (361 నుంచి 363) మళ్ళీ పాత దేవుళ్ళని నిలబెట్టాలని చూసి, ఒక పూజారికి ఉత్తరం రాస్తూ, ఆ గలిలయులు (క్రైస్తవుల్ని అలా అనేవాడు) వాళ్ళ పేదలతోపాటు మన పేదల్ని కూడా పోషిస్తున్నారు, మనవాళ్ళకి మన సాయం అందట్లేదు, సిగ్గుగా ఉంది, అని వాపోయాడు. గోధుమలు, వైన్ శాంక్షన్ చేసి గుడుల ద్వారా పంచమన్నాడు. ఏడాదిన్నరకే పర్షియా యుద్ధంలో చనిపోయాడు.

కాన్‌స్టాంటైన్ క్రైస్తవాన్ని రాజమతం చేశాడు కదా?

కాదు. ఎగ్జామ్ రాసేవాళ్ళు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. 312లో రోమ్ పక్కన మిల్వియన్ వంతెన దగ్గర పోటీ చక్రవర్తి మీద గెలిచాడు, 313లో మిలాన్‌లో తోటి చక్రవర్తి లిసినియస్‌తో కలిసి అందరికీ మతస్వేచ్ఛ ఒప్పుకున్నాడు, చర్చిలకి ఆస్తులు తిరిగిచ్చాడు, కొత్తవి కట్టించాడు. రాజమతం అనే మాట 380లో థియోడోసియస్ చక్రవర్తి థెస్సలోనికలో ఇచ్చిన ఆజ్ఞతో వస్తుంది, ఆ తర్వాత 391, 392లో గుడుల్లో బలులు నిషేధించారు.

కాన్‌స్టాంటైన్ నమ్మకం నిజమా రాజకీయమా అంటే రెండూ అంటాను. గెలిచాక ఇంకో పదేళ్ళకి పైగా నాణేల మీద సూర్యదేవుడి బొమ్మ ఉంది. 326లో కొడుకు క్రిస్పస్‌ని చంపించాడు, భార్య ఫాస్టా కూడా ఆ వెంటనే పోయింది. బాప్తిస్మం 337లో చావుకి ముందు తీసుకున్నాడు, అదీ ఏరియస్ (ఇతని గొడవ కింద చెప్తా) వైపు మొగ్గిన బిషప్ చేతుల మీదుగా. ఇంత చిక్కటి మనిషిని ఒక్క మాటలో తేల్చెయ్యడం కష్టం.

నైసియాలో ఓట్లేసి బైబిల్ తయారుచేశారట?

ఈ ఫార్వర్డ్ నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. 325లో నైసియాలో (ఇప్పటి టర్కీలో ఇజ్నిక్) బిషప్‌లు కూర్చున్న మాట నిజం, సంప్రదాయం 318 మంది అంటుంది, అక్కడే ఉన్న యూసేబియస్ అనే బిషప్ 250కి పైగా అంటాడు. వాళ్ళు చర్చించింది ఏ పుస్తకాలు ఉంచాలి అని కాదు. అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే ప్రెస్బిటర్, కుమారుడు తండ్రి చేత చెయ్యబడినవాడు, ఆయన లేని కాలం ఒకటుంది అన్నాడు. సభ కాదంది, కుమారుడు తండ్రితో ఒకే తత్వం అంది. పస్కా పండగ (ఈస్టర్) ఎప్పుడు చెయ్యాలో కూడా తేల్చారు. మన ఊళ్ళల్లో చర్చిల్లో చదివే నైసియా విశ్వాస ప్రమాణం అక్కడ మొదలై, 381 కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) సభ పేరు మీద వచ్చిన రూపం. కొత్త నిబంధన 27 పుస్తకాల లిస్టు ఇప్పుడున్నట్టు మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన పండగ ఉత్తరంలో.

ఆదివారం సెలవు ఎవరి పుణ్యం?

321లో కాన్‌స్టాంటైన్. కోర్టులకి, ఊళ్ళో పనివాళ్ళకి సెలవు, రైతుకి మాత్రం లేదు, అదను తప్పితే పంట పోతుందని అందులోనే రాశాడు.

సరే, అసలు పశ్చిమ రోమ్ ఎందుకు పడిపోయింది? ఒక్క కారణం చెప్పండి.

అప్పటికి సామ్రాజ్యం రెండుగా నడుస్తోంది, పశ్చిమం ఇటలీ నుంచి, తూర్పు కాన్‌స్టాంటినోపుల్ నుంచి. పడింది పశ్చిమం. ఒక్క కారణం చెప్పమంటే డబ్బు. సైన్యానికి జీతం పన్నుల నుంచి, పన్నులు పొలాల నుంచి, పొలాలు పోతే పన్ను పోయింది, పన్ను పోతే సైన్యం పోయింది, సైన్యం పోతే ఇంకొన్ని పొలాలు పోయాయి. మన భాషలో గానుగెద్దు చుట్టూ తిరగడమే గానీ ఇక్కడ ప్రతి చుట్టుకీ గానుగ కుంగుతోంది.

ఈ రోగం ముందే ఉంది. 235 నుంచి 284 లోపు ఇరవైమందికి పైగా చక్రవర్తులు, చాలామంది సొంత సైనికుల చేతుల్లోనే చచ్చారు. 260లో వలేరియన్ అయితే ఏకంగా పర్షియా రాజుకి బందీ. 270 నాటికి వెండి నాణెంలో వెండి నూటికి అయిదు వంతులు కూడా లేదు, పైన పూత అంతే. డయోక్లీషియన్ వచ్చి కూలిపోయేదాన్ని నిలబెట్టాడు, 301లో ధరలకి కంట్రోల్ రేటు పెట్టాడు, అది పనిచెయ్యలేదు, సరుకు మార్కెట్లోంచి మాయమైంది.

తర్వాత 376. హూణులు తరుముతుంటే గోతులు (గోత్ అనే జర్మన్ తెగవాళ్ళు) పెళ్ళాంపిల్లలతో డాన్యూబ్ ఒడ్డుకి వచ్చి లోపలికి రానివ్వమని బతిమాలారు. వాలెన్స్ చక్రవర్తి సరేనన్నాడు, మంచిదే, సైన్యానికి మనుషులు దొరుకుతారు. కానీ వాళ్ళకి తిండి అందించాల్సిన రోమన్ ఆఫీసర్లు లుపిసినస్, మాక్సిమస్ అని ఇద్దరు, ఆకలితో ఉన్నవాళ్ళకి కుక్కమాంసం అమ్మారు, ఒక కుక్కకి ఒక మనిషి బానిస రేటు, గోతుల పెద్దల పిల్లలు కూడా అలా పోయారు. ఇది రాసింది గోతులు కాదు, అమ్మియానస్ అనే రోమన్ సైనికుడే. రెండేళ్ళకి, 378లో, ఏడ్రియనోపుల్ దగ్గర గోతులు రోమన్ సైన్యాన్ని ఊచకోత కోశారు, వాలెన్స్ శవం కూడా దొరకలేదు. రేషన్ కాంట్రాక్టు దొంగతనం వల్ల ఒక చక్రవర్తి పోయాడు అంటే అతిశయోక్తి అంటారు, నాకు మాత్రం అలాగే కనిపిస్తుంది.

410లో రోమ్‌ని దోచినప్పుడు మిరియాలు అడిగారట, అదేం కథ?

అడిగింది దోపిడీకి ముందు, 408లో. గోతుల రాజు అలారిక్ రోమ్‌ని చుట్టుముట్టి, నది దారిలో గింజలు రాకుండా కట్టేశాడు, లోపల జనం ఆకలికి చస్తున్నారు. వెళ్ళిపోవడానికి అడిగిన రేటు 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు చొక్కాలు, 3,000 ఎర్ర తోళ్ళు, 3,000 పౌన్ల మిరియాలు. ఆ మిరియాలు పుట్టేది మన మలబారు తీరంలో. ఇండియాతో రోమ్ వ్యాపారం పాతదే, మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన సముద్రయాన పుస్తకంలో మసాలియా అని సన్నబట్టలు నేసే చోటు ఉంది, అది మన కృష్ణా డెల్టా, మచిలీపట్నం వైపు అని పండితులు అంటారు. నాగార్జునకొండలో, నల్గొండ జిల్లాలో రోమన్ నాణేలు దొరికాయి కూడా. అంటే ఆ బంగారం కొంత మన దగ్గరికే వచ్చింది.

డబ్బు తీసుకున్నా బేరం కుదరలేదు, రవెన్నా చిత్తడి నేలల మధ్య దాక్కున్న హొనోరియస్ చక్రవర్తి ఏదీ తేల్చడు. 410 ఆగస్టు 24న అలారిక్ లోపలికి వచ్చాడు, మూడు రోజులు దోచాడు. గోతులు కూడా క్రైస్తవులే, ఏరియస్ వైపు వాళ్ళు, అందుకే పేతురు, పౌలు చర్చిల్లో దాక్కున్నవాళ్ళని ముట్టుకోలేదు. వాళ్ళ భాషకి లిపి తయారుచేసి బైబిల్ తర్జుమా చేసిన ఉల్ఫిలాస్ అనే బిషప్, రాజుల గ్రంథాలు మాత్రం వదిలేశాడట, మా వాళ్ళకి యుద్ధాలు ఇప్పటికే బాగా వచ్చు ఇంకా ఎక్కించక్కర్లేదని!

దోచాక అలారిక్ ఎటు వెళ్దామనుకున్నాడు? ఆఫ్రికా, గోధుమల కోసం. ఓడలు తుఫానులో పోయాయి, తనూ ఇటలీలోనే చచ్చాడు.

వాండల్స్ అంటే ఊరికే విధ్వంసం చేసేవాళ్ళేనా?

పేరు అలా చెడింది గానీ వాళ్ళంత తెలివైన దెబ్బ ఇంకెవరూ కొట్టలేదు. వాండల్స్ ఇంకో జర్మన్ తెగ, 406 చివర్లో రైన్ నది దాటారు, ఫ్రాన్స్, స్పెయిన్ మీదుగా దిగి 429లో ఆఫ్రికాకి దాటారు. 430లో హిప్పో పట్నాన్ని ముట్టడి వేసినప్పుడు లోపల ముసలి బిషప్ అగస్టీన్ ప్రాణం వదిలాడు. 439లో వాళ్ళ రాజు గైసెరిక్ కార్తేజ్ పట్టుకున్నాడు. నన్నడిగితే రోమ్ నిజంగా పడింది ఈ రోజే. ఇటలీకి గోధుమలు, నూనె, పన్ను అన్నీ అక్కడ్నుంచే. 455లో వచ్చి రోమ్‌ని రెండు వారాలు తీరిగ్గా దోచుకెళ్ళారు. 468లో తూర్పు, పశ్చిమ కలిసి ఆఫ్రికాని వెనక్కి తీసుకోవాలని వెయ్యికి పైగా ఓడలు పంపారని ఆ కాలంవాళ్ళు రాశారు, గైసెరిక్ నిప్పు ఓడలు వదిలి వాటిని తగలబెట్టాడు. ఆ తర్వాత పశ్చిమానికి ఇంకో ఛాన్స్ రాలేదు.

476 అని రాయాలా వద్దా?

రాయండి, ఆన్సర్ కీలో అదే ఉంటుంది. జరిగింది మాత్రం చాలా చప్పగా జరిగింది. ఇటలీలో కూలిసైన్యం మాకు మూడో వంతు భూములివ్వండి అంది, ఒరెస్టెస్ అనే సేనాధిపతి కుదరదన్నాడు, ఆ కూలిసైన్యం నాయకుడు ఓడోయేసర్ ఒరెస్టెస్‌ని చంపేసి, ఒరెస్టెస్ చక్రవర్తిగా కూర్చోబెట్టిన తన కొడుకు రోములస్‌ని దించేశాడు. కుర్రాడు చిన్నవాడు, అందగాడు అని జాలిపడి చంపకుండా ఏడాదికి 6,000 బంగారు నాణేల పెన్షన్ ఇచ్చి కంపానియా పంపాడు. రాజచిహ్నాలన్నీ కాన్‌స్టాంటినోపుల్‌కి పార్సిల్ చేసి, ఇక్కడ వేరే చక్రవర్తి అక్కర్లేదు అన్నాడు. సెనేట్ మీటింగులు మామూలుగా జరిగాయి, ఆ రోజు రోమ్‌లో ఎవర్నైనా ఆపి అడిగితే సామ్రాజ్యం పడిపోయిందని చెప్పేవాడు దొరికేవాడు కాదు.

క్రైస్తవం వల్లే రోమ్ బలహీనపడిందని గిబ్బన్ అన్నాడు కదా?

గిబ్బన్ ఇంగ్లిష్ చరిత్రకారుడు, రోమ్ పతనం మీద రాసిన పుస్తకంలో (మొదటి భాగం 1776లో వచ్చింది) అది ఒక కారణంగా చెప్పాడు, మనుషులు మఠాలకి, డబ్బు చర్చికి పోయిందని. 410 తర్వాత పాత మతంవాళ్ళు కూడా ఇదే అన్నారు, దానికి జవాబుగానే అగస్టీన్ పదమూడేళ్ళు కూర్చుని 'దేవుని నగరం' రాశాడు. నాకు ఈ వాదన నిలబడదనిపిస్తుంది, ఎందుకంటే తూర్పు సగంలో క్రైస్తవం ఇంకా ఎక్కువ, మఠాలు ఇంకా ఎక్కువ, అది 1453 దాకా బతికింది. తేడా ఎక్కడంటే ఈజిప్టు, సిరియా పన్నులు తూర్పు చేతిలో ఉన్నాయి, రాజధానికి 413 నాటి గోడలు ఉన్నాయి, అయిదో శతాబ్దంలో పర్షియాతో పెద్దగా యుద్ధం లేదు.

అలాగని పాత మతాన్ని ప్రేమగా సాగనంపారని కాదు. 384లో సిమ్మాకస్ అనే పెద్దమనిషి, సెనేట్‌లో విజయదేవత బలిపీఠం మళ్ళీ పెట్టమని అర్జీ పెట్టుకుంటూ, అంత పెద్ద రహస్యాన్ని ఒక్క దారిలోనే చేరలేం అన్నాడు. మనవాళ్ళకి వెంటనే తగిలే మాట. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ అడ్డుపడ్డాడు, అర్జీ పోయింది.

రోమ్ నగరం శిథిలం అయ్యింది అనాగరికుల వల్లే కదా?

ఎక్కువ నష్టం రోమన్ చక్రవర్తి విడిపించడానికి వచ్చినప్పుడు జరిగింది, చిత్రం ఏంటంటే. ఓడోయేసర్ని విందుకి పిలిచి చంపిన గోతుల రాజు థియోడెరిక్ కాలంలో ఇటలీ బాగానే ఉంది. 535లో తూర్పు చక్రవర్తి జస్టీనియన్ ఇటలీని తిరిగి గెలవాలని సైన్యం పంపాడు, యుద్ధం దాదాపు ఇరవై ఏళ్ళు. 537లో గోతులు ఊళ్ళోకి నీళ్ళొచ్చే కాలవలు తెగ్గొట్టారు, నీళ్ళు లేక పిండిమరలు ఆగిపోతే జస్టీనియన్ సేనాధిపతి బెలిసేరియస్ టైబర్ నదిలో పడవల మీద మరలు కట్టించి పిండి ఆడించాడు, మెచ్చుకోవాల్సిందే. 546 ముట్టడిలో జనం దురదగొండి లాంటి ఆకులు ఉడకబెట్టుకుని తిన్నారు. మధ్యలో 541 నుంచి ప్లేగు. పది లక్షల ఊళ్ళో చివరికి మిగిలింది కొన్ని పదివేలు. 568లో లాంబార్డులు అనే ఇంకో జర్మన్ తెగ దిగితే వాళ్ళని ఆపే ఓపిక ఎవరికీ లేదు.

మరి ప్రభుత్వం లేకపోతే ఊరిని ఎవరు నడిపారు?

బిషప్‌లు. ఇదే అసలు కథ. గ్రెగరీ అనే ఆయన ముందు రోమ్ నగరానికి ప్రిఫెక్ట్, అంటే మున్సిపల్ కమిషనర్, కలెక్టర్ కలిపి అనుకోండి. ఉద్యోగం వదిలి సన్యాసి అయ్యాడు. 589లో టైబర్ వరదకి చర్చి గోదాముల్లో గోధుమలు కొట్టుకుపోయాయి, వెంటనే ప్లేగు, అందులో పోప్ పోయాడు, 590లో ఇతన్ని పోప్ చేశారు. సిసిలీలో చర్చి పొలాల మేనేజర్‌కి ఆయన రాసిన ఉత్తరాలు చదివితే గోధుమల కొనుగోలు, దొంగ తూకాలు, రైతుల మీద వసూళ్ళు ఆపమని చెప్పడం, అన్నీ లెక్కాపత్రాలే. ప్రతి నెల మొదటి రోజున పేదలకి గింజలు, వైన్, జున్ను, కూరగాయలు పంచేవాడు, పేర్లతో రిజిస్టర్ ఉండేది. ఒకసారి సందులో బిచ్చగాడు చచ్చిపడి ఉన్నాడని తెలిసి, ఆ పాపం తనదే అని కొన్నిరోజులు పూజ కూడా చెయ్యలేదని ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆగస్టస్ పెట్టిన లిస్టు తిరిగి తిరిగి పోప్ చేతికి వచ్చింది, చూడండి.

మాటలు కూడా అలాగే వచ్చాయి. మనవాళ్ళు రోజూ అనే డయోసిస్ అన్న మాట డయోక్లీషియన్ చేసిన పాలనా విభాగం పేరు, దాని అధికారి వికార్. బసిలికా అంటే కోర్టులు, వ్యాపారాలు జరిగే పబ్లిక్ హాలు. బిషప్ అన్న మాటకి గ్రీకు మూలం అర్థం సూపర్‌వైజర్. ఆఫీసు మూతపడ్డా బోర్డులు మిగిలాయి అన్నమాట.

మఠాలు ఏం చేశాయి?

మొదట ఈజిప్టు ఎడారిలో ఆంటొనీ లాంటివాళ్ళు ఒంటరిగా, పకోమియస్ గుంపుగా మొదలుపెట్టారు. పశ్చిమంలో బెనెడిక్ట్ సుమారు 529లో మోంటే కాసినో కట్టి ఒక నియమావళి రాశాడు. రోజుకి మనిషికి ఒక పౌను రొట్టె, కొంచెం వైన్ (వైన్ సన్యాసులకి తగదు, కానీ ఈ కాలంవాళ్ళని ఒప్పించలేం అని నిట్టూర్పుతో సహా), ఇన్ని గంటలు పని, ఇన్ని గంటలు చదువు. చదవాలంటే పుస్తకం కావాలి, అందుకే కాపీలు రాశారు, ఆ కాపీలే లేకపోతే లాటిన్ సాహిత్యం చాలావరకు మనదాకా వచ్చేది కాదు. ఐర్లండ్ సన్యాసులు స్కాట్లండ్‌లో అయోనా, ఇటలీలో బాబియో దాకా వెళ్ళి ఇదే పని చేశారు.

క్లోవిస్ ఎందుకు ముఖ్యం?

మిగతా జర్మన్ రాజులు ఏరియస్ వైపు క్రైస్తవులు, కింద ఉన్న రోమన్ ప్రజలు నైసియా వైపు, అందుకే కలవలేకపోయారు. ఫ్రాంకుల రాజు క్లోవిస్ భార్య క్లోటిల్డా పోరు పడలేక రీమ్స్‌లో బిషప్ రెమీజియస్ చేత నైసియా బాప్తిస్మమే తీసుకున్నాడు (496 అంటారు, 508 అనేవాళ్ళూ ఉన్నారు). దాంతో బిషప్‌లంతా వెనకాల నిలబడ్డారు, ఫ్రాన్స్ అక్కడ మొదలు.

చీకటి యుగం అనొచ్చా?

ఆ పేరు పెట్టింది పద్నాలుగో శతాబ్దంలో ఇటలీ కవి పెట్రార్క్ లాంటివాళ్ళు, పాత రోమ్ మీద మోజుతో. అయితే ఈ మధ్య కొందరు అసలేం పడిపోలేదు, అంతా మెల్లగా మారింది అంటున్నారు, అది కూడా నాకు నచ్చదు. పెంకుటిళ్ళు పోయి గడ్డి కప్పులు వచ్చాయి, మంచి కుండలు పోయాయి, బ్రిటన్‌లో నాణేలే ఆగిపోయాయి, అది మామూలు మనిషికి తెలిసే నష్టం. మధ్యధరా తూర్పున, దక్షిణాన మాత్రం ఊళ్ళు, చదువులు బాగానే ఉన్నాయి, 640ల నాటికి సిరియా, ఈజిప్టు అరబ్బుల పాలనలోకి వెళ్ళాక కూడా.

భాష సంగతి చూడండి. చర్చిలో లాటిన్, ఇంట్లో వేరే. 813లో టూర్స్ సభ, ప్రసంగాలు పల్లె మాటలోకి మార్చి చెప్పండి అంది, అంటే అప్పటికే లాటిన్ జనానికి ఎక్కట్లేదు. మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

షార్లమేన్‌తో మధ్యయుగం మొదలైనట్టా?

అప్పటికే మొదలైపోయింది, ఫ్రాంకుల రాజైన ఆయన దానికి ఒక రూపం ఇచ్చాడు. 800 డిసెంబర్ 25న రోమ్‌లో పోప్ మూడో లియో ఆయన తల మీద కిరీటం పెట్టాడు. ముందు ఏడాదే శత్రువులు దారిలో పట్టి కొడితే ఈయన దగ్గరికే పారిపోయి వచ్చిన పోప్ అతను, అవసరం ఇద్దరిదీ. తూర్పున అప్పుడు ఐరీన్ అనే మహారాణి, ఆడది కాబట్టి సింహాసనం ఖాళీ అని వీళ్ళు లెక్కేసుకున్నారు, ఏం చెప్తాం. కిరీటం పోప్ పెట్టాలా రాజే తీసుకోవాలా అన్న తగాదా తర్వాత వందల ఏళ్ళు నడిచింది.

ఆయనకి రాయడం సరిగా రాదు, దిండు కింద పలక పెట్టుకుని రాత్రిళ్ళు ప్రాక్టీసు చేసేవాడు. కానీ అల్క్విన్ లాంటి పండితుల్ని పిలిపించాడు, ఆ కాలంలో స్థిరపడిన చిన్న అక్షరాలే ఇప్పటి ఇంగ్లిష్ చిన్న బడి అక్షరాలకి (a, b, c) మూలం. పౌను వెండికి 240 నాణేలు అన్న లెక్క బ్రిటన్‌లో 1971 దాకా నడిచింది. 794లో కరువు తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ సభలో, ఒక పక్క విగ్రహాల గురించి వేదాంతం చర్చిస్తూనే ఇంకో పక్క గోధుమలకి, రొట్టెకి కంట్రోల్ రేటు పెట్టాడు. బాగ్దాద్ ఖలీఫా ఈయనకి ఒక ఏనుగుని పంపాడు, దాని పేరు అబుల్ అబ్బాస్, 802లో ఆయన ఉండే ఆహెన్ ఊరు చేరింది, ఎగ్జామ్‌లో రాదు గానీ నాకు ఇష్టం.

క్రీ.శ. లెక్క ఎవరు పెట్టారు?

525లో డయోనిసియస్ అనే సన్యాసి, పస్కా తేదీలు లెక్కేస్తూ. కొంచెం తప్పాడు, ఏసు పుట్టినప్పుడు ఉన్న హేరోదు క్రీ.పూ. 4లోనే చనిపోయాడని ఎక్కువమంది లెక్క.

క్రైస్తవం వచ్చాక బానిసత్వం పోయిందా?

లేదు. చర్చిలకే బానిసలు ఉండేవాళ్ళు. విడిపించడం పుణ్యం అన్నారు, రద్దు మాత్రం చెయ్యలేదు.

ఇంతకీ ఆ ఫ్రీ రొట్టె ఎప్పుడు ఆగింది?

రోమ్‌లో ఏ రోజని చెప్పేలా ఆగలేదు, ఓడలతోపాటు చిక్కిపోయింది. కాన్‌స్టాంటినోపుల్‌లో మాత్రం తెలుసు. అక్కడ 332లో రోజుకి 80,000 మందికి మొదలుపెట్టారు, ఈజిప్టు గోధుమలతో. పర్షియన్లు ఈజిప్టు మీద పడ్డాక, 618లో హెరాక్లియస్ చక్రవర్తి కాలంలో, ఇక ఫ్రీ కాదు, రొట్టెకి మూడు నాణేలు కట్టండి అన్నారు. జనం కట్టారు. అందరూ కట్టేశాక ఆగస్టులో రొట్టె కూడా ఆపేశారు.